వైద్యుడు మాట వినడం లేదనిపిస్తే.. నిపుణుడిని మార్చాలా? సూరత్ తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

సూరత్: ఈ జౌళి నగరంలోని లింబాయత్ తదితర ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగువారిలో వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అనేకం. పిల్లలకు నగరపాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఉంది. ఆసుపత్రిలో మాత్రం సంభాషణ గుజరాతీలోనో హిందీలోనో సాగాలి. మరమగ్గం వద్ద పన్నెండు గంటల షిఫ్టు ముగించుకొని, ఆపై ఒక పూట కూలి వదులుకొని వరుసలో కూర్చున్న రోగికి నిపుణుడి గదిలో దక్కేది కొద్ది నిమిషాలే. బయటకు వచ్చాక తరచూ వినిపించే మాట, "డాక్టరు నేను చెప్పేది విననే లేదు" అన్నది. ఆయన వద్దే కొనసాగాలా, మరొకరిని చూడాలా అన్నది ఆ వెంటనే ఎదురయ్యే ప్రశ్న.

తొందరపడి మారితే పరీక్షలు, ఖర్చులు మళ్లీ మొదటికి వస్తాయి. మారకుండా ఉండిపోతే పొరపాటు నిర్ధారణతోనే నెలలు గడిచిపోవచ్చు. కాబట్టి వైద్యుడి స్వభావం ఎలాంటిదన్న దానికన్నా, రోగి చెప్పిన సమాచారం చికిత్సా నిర్ణయంలోకి చేరుతోందా లేదా అన్నదే ముఖ్యం. ముక్తసరిగా మాట్లాడే వైద్యుడు ప్రతి లక్షణాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. నవ్వుతూ పలకరించే వైద్యుడు ఒక్కటీ తీసుకోకపోవచ్చు.

రెండు నిమిషాల సమస్య

ఇది సూరత్‌కే పరిమితమైన ఫిర్యాదు కాదు. అమెరికాలో 1984లో ప్రచురితమైన ఒక అధ్యయనం 74 సంప్రదింపులను పరిశీలించగా, రోగి మాట మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డుతగిలినట్లు తేలింది. ప్రాథమిక వైద్య సంప్రదింపుల నిడివిపై 67 దేశాల సమాచారాన్ని క్రోడీకరించి 2017లో వెలువడిన పరిశీలన ప్రకారం ఆ సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. భారత్‌లో అది సుమారు రెండు నిమిషాలు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 335 మంది రోగులపై జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనం ఇంతకన్నా ఉపయోగకరమైన సంగతి చెబుతుంది. వైద్యులు అడ్డుపడకుండా ఉన్నప్పుడు రోగులు సగటున 92 సెకన్లలోనే తమ మాట ముగించారు. 78 శాతం మంది రెండు నిమిషాలు దాటలేదు. అంటే వినడానికి కావలసిన సమయం వైద్యులు భయపడేంత ఎక్కువేమీ కాదు. రోగి కూడా ఆ రెండు నిమిషాలకు తగినట్లు మాటను సిద్ధం చేసుకోవచ్చు.

నేత కార్మికుల విషయంలో మరో చిక్కు ఉంది. మరమగ్గాల షెడ్లలో శబ్దం 90 డెసిబెళ్లు దాటడం సాధారణం. ఏళ్ల తరబడి అక్కడ పనిచేసిన వారికి ముందుగా హెచ్చు పౌనఃపున్య ధ్వనులు వినబడడం తగ్గుతుంది. మాటలోని హల్లులు మసకబారి, శబ్దం వినిపించినా అర్థం అందదు. పరభాషలో, మాస్కు వెనుక నుంచి వేగంగా మాట్లాడే వైద్యుడు అటువంటి రోగికి నిర్లక్ష్యపరుడిగా తోచే అవకాశం ఉంది. రోగి తలూపుతున్నాడు కనుక అర్థమైందని వైద్యుడూ భావిస్తాడు. "నాకు చెవి సరిగా వినబడదు, మాస్కు తీసి నెమ్మదిగా చెప్పండి" అని ముందే చెప్పడం, బాగా వినబడే చెవి వైద్యుడి వైపు ఉండేలా కూర్చోవడం చిన్న ఉపాయాలే అయినా వీటితో తీరిపోయే ఫిర్యాదులు ఉన్నాయి. అధిక శబ్దం వల్ల కలిగే వినికిడి లోపాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలోనే చేర్చారు. అందుచేత, ఏ జబ్బుకు వెళ్లినా చేసే పని ఏమిటో చెప్పడం మరువరాదు. చెప్పిన తరువాత కూడా చెవి, ఊపిరితిత్తుల నిపుణుడు పని గురించి ఒక్క ప్రశ్నైనా వేయకపోతే దానిని గమనించవలసిందే.

మార్చే ముందు ఒక్కసారి

అత్యవసరం కాని పక్షంలో, మారాలన్న నిర్ణయానికి ముందు అదే వైద్యుడి వద్దకు ఒకసారి సిద్ధపడి వెళ్లడం మేలు. బాధ ఎప్పుడు మొదలైంది, దానివల్ల ఏ పని చేయలేకపోతున్నారు, వాడిన మందుల్లో ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నవి ఒక చీటీపై హిందీలోనో గుజరాతీలోనో రాయించుకోవాలి. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలు ఈ పని చేయగలరు. అయితే స్త్రీల వ్యాధులు, మానసిక సమస్యలు, తీవ్ర వ్యాధి నిర్ధారణ వంటి సందర్భాల్లో పిల్లలను దుబాసీలుగా కూర్చోబెట్టడం తగదు. పెద్దలలో భాష తెలిసిన వారిని వెంట తీసుకువెళ్లాలి.

అక్కడ అడగవలసిన ప్రశ్నలు మూడు. ఇది కాకపోతే ఇంకేమై ఉండవచ్చు? ఈ మందుతో తగ్గకపోతే తరువాత ఏం చేస్తారు? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? మొదటి ప్రశ్నను హిందీలో "ఇస్ కే అలావా ఔర్ క్యా హో సక్తా హై?" అని అడగవచ్చు. వీటికి క్లుప్తంగానైనా జవాబు వస్తే కొనసాగవచ్చు. ప్రశ్న వేసినందుకే కసురుకుంటే, లేదా చెప్పిన కొత్త లక్షణాన్ని పరీక్షించకుండా పాత చీటీలోని మందులే తిరిగి రాస్తే, మరొకరిని చూడడానికి అది తగిన కారణమే.

ఎన్నిసార్లు ఓపిక పట్టాలన్న దానికి ఇంగ్లండ్‌లో 2025 సెప్టెంబరులో ప్రవేశపెట్టిన 'జెస్ నియమం' ఒక కొలమానం ఇస్తోంది. 27 ఏళ్ల జెస్సికా బ్రాడీ అనేకసార్లు వైద్యులను సంప్రదించినా క్యాన్సర్‌ను సకాలంలో గుర్తించకపోవడంతో 2020లో మరణించింది. ఆమె పేరిట వచ్చిన ఈ నియమం ప్రకారం, రోగి ఒకే లక్షణంతో మూడుసార్లు వచ్చినా నిర్ధారణ కాకపోయినా, లక్షణాలు ముదురుతున్నా కుటుంబ వైద్యుడు మొదటి నుంచి పునరాలోచించాలి. భారత్‌లో అటువంటి నియమం లేదు. అయినా మూడో సందర్శనను ఒక మలుపుగా రోగి స్వయంగా నిర్ణయించుకోవడానికి అడ్డేమీ లేదు.

కోరిన ఇంజెక్షనో, సెలైనో, యాంటీబయాటికో ఇవ్వనంత మాత్రాన వైద్యుడు వినలేదని అర్థం కాదు. అవసరం లేదని కారణం చెప్పి నిరాకరించిన వైద్యుడిని వదిలి, అడిగినదల్లా రాసిచ్చే వారి వద్దకు మారడం తరచూ జరిగే పొరపాటు. సేటు చెప్పిన డాక్టరనో, మన ఊరివాళ్లంతా అక్కడికే వెళతారనో మొహమాటపడి కొనసాగడం దీనికి మరో కొస. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం వంటివి ఎదురైతే ఈ తర్కమంతా పక్కనబెట్టి 108కి ఫోన్ చేయాలి.

రెండో అభిప్రాయం వేరు, మారడం వేరు

నిపుణుడిని వదలకుండానే మరొకరి అభిప్రాయం తీసుకోవచ్చు. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించగా, కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో ప్రజల ముందుంచిన 17 హక్కుల ముసాయిదా పత్రంలో రెండో అభిప్రాయం పొందే హక్కు ఉంది. శస్త్రచికిత్స సూచించినప్పుడు ఇది మరింత ముఖ్యం. సమీరా కోహ్లీ కేసులో 2008లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, చికిత్స స్వరూపం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ప్రధాన ప్రమాదాలు, నిరాకరిస్తే కలిగే ఫలితాలు రోగికి తెలిపిన తరువాతే సమ్మతి చెల్లుతుందని స్పష్టం చేసింది. ప్రత్యామ్నాయాల గురించి అడగడం వైద్యుడిని శంకించడం కాదు, అది ఆయన చెప్పవలసిన విషయమే.

రెండో వైద్యుడికి పాత నిర్ధారణతో కథ మొదలుపెట్టకుండా, లక్షణాలు చెప్పి, ఆ తరువాతే కాగితాలు చూపడం మంచిది. లేకపోతే మొదటివారి ఆలోచనే రెండోవారినీ నడిపిస్తుంది. స్కాన్ అయితే నివేదిక ఒక్కటే చాలదు, చిత్రాలున్న ఫిల్ము లేదా సీడీ కావాలి. క్యాన్సర్ అనుమానమైతే ప్రయోగశాల నుంచి స్లైడ్లు, బ్లాకులు కూడా తీసుకోవాలి. ఇద్దరి మాటా కలవకపోతే ఎవరు గొప్పవారని కాకుండా, ఏ అంశంలో భేదిస్తున్నారో ఇద్దరినీ అడగాలి.

భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. రోగి కోరితే 72 గంటల్లో ఇవ్వాలి. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో నిలిపివేసి, 2002 నాటివాటినే అమలులో ఉంచింది. చేపట్టిన రోగిని తగినంత ముందస్తు సమాచారం లేకుండా వైద్యుడు విడిచిపెట్టరాదని కూడా అవి చెబుతున్నాయి. ఓపీ చీటీలు మాత్రం రోగి చేతిలోనే ఉంటాయి గనుక వాటిని దాచుకోవలసింది రోగే.

ఖర్చు విషయానికొస్తే, ఆయుష్మాన్ భారత్ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకే వర్తిస్తుంది. రెండో అభిప్రాయం కోసం ప్రైవేటు నిపుణుడికిచ్చే ఓపీ రుసుము సాధారణంగా సొంత జేబు నుంచే పోతుంది. ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ నడిపే స్మిమర్ ఆసుపత్రి ఉన్నందున, ఒకచోట చూపించుకున్నవారు రెండో చోట అడిగే వెసులుబాటు సూరత్‌లో ఉంది. తెలంగాణలో జారీ అయిన ఆయుష్మాన్ కార్డు గుజరాత్‌లోని గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. ఒక ఆసుపత్రిలో చికిత్సకు అనుమతి తీసుకున్నాక మారదలిస్తే, ముందుగా అక్కడి ఆయుష్మాన్ మిత్రను గానీ 14555 నంబరును గానీ సంప్రదించాలి.

మారుతున్న వ్యవధిలో మందులు ఆపకూడదు. క్షయ చికిత్స సాధారణంగా కనీసం ఆరు నెలలు సాగుతుంది. మధ్యలో ఆగితే మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంది. కనుక నిక్షయ్ గుర్తింపు సంఖ్యతో పాటే కొత్త చోటికి వెళ్లాలి. మధుమేహం, రక్తపోటు, మూర్ఛ మందులకూ ఇదే వర్తిస్తుంది. పాత వైద్యుడికి కారణాలు వివరించవలసిన బాధ్యత రోగికి లేదు. "మరొకరికి చూపించుకుంటాం, కాగితాలు ఇవ్వండి" అంటే చాలు. వాగ్వాదం లేకుండా బయటకు వస్తే, కొత్త నిపుణుడు పాతవారి నిర్ధారణనే సమర్థించిన పక్షంలో తిరిగి వెళ్లడానికి దారి ఉంటుంది.