చిల్లర డబ్బాలో ఒక అణా

మా ఇంట్లో నెలాఖరు ఆదివారం చిల్లర డబ్బా బోర్లించే రోజు. కూరగాయల సంచి అడుగున దొరికినవి, మా ఆయన చొక్కా జేబుల్లోవి, ఆటో దిగినప్పుడు చేతికొచ్చినవి, నాణేలన్నీ అందులోనే పడతాయి. రూపాయలు ఒక దొంతర, రెండ్రూపాయలు ఒకటి, ఐదులు ఇంకొకటి పేర్చి లెక్కపెడతాను.

ఈ అలవాటు పుట్టింటి నుంచి వచ్చింది. ఆళ్లగడ్డలో మా నాన్నకు చిన్న కిరాణా అంగడి ఉండేది. రాత్రి అంగడి కట్టేసి వచ్చాక గల్లాపెట్టెలోని చిల్లర చాప మీద పోసేవాడు. లెక్కపెట్టడం నా పని. వింతగా ఉన్న నాణెం ఏదైనా కనబడితే, దాని బదులు తన జేబులోంచి ఒకటి గల్లాలో వేసి, దాన్ని హార్లిక్స్ సీసాలో దాచేవాడు. పెళ్లయి నంద్యాలకు వచ్చాక ఆ సీసా సంగతే మరిచిపోయాను. పోయిన ఏడు అది మళ్లీ నా చేతికొచ్చింది. వచ్చిన కారణం మాత్రం మంచిది కాదు.

ఇంటర్ చదివే మా చిన్నోడు ఫోన్‌లో ఒక ప్రకటన చూశాడు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి లక్షలు ఇస్తారని దాని సారాంశం. మా డబ్బాలో వెతికితే నిజంగానే ఒకటి దొరికింది. ఫొటో పంపాడు. ముందు రిజిస్ట్రేషన్‌కని పన్నెండు వందలు, తర్వాత పన్ను కట్టాలని మూడు వేలు పంపించుకున్నారు. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు. అది వాని కోచింగ్ ఫీజుకని నేనిచ్చిన డబ్బు. వారం రోజులు వాడు సరిగా అన్నం తినలేదు. అడిగితే తలనొప్పి అన్నాడు. ఫీజు కట్టలేదని కోచింగ్ వాళ్లు ఫోన్ చేస్తే గానీ నాకు విషయం తెలియలేదు.

ఇలాంటి మోసాల గురించి 2021 ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరు వాడుకొని ఫీజులు, పన్నులు అడుగుతున్నారని, ఆ వ్యవహారాలతో తనకే సంబంధమూ లేదని చెప్పింది. నాకే తెలియనప్పుడు పిల్లోనికి ఏం తెలుస్తుంది? ఆ నాణేలు 2012లో వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవానికి విడుదల చేసినవి. చిల్లరలో వచ్చేవే.

కోపం ఆపుకోలేక ఆ ఆదివారం వాణ్ణి తీసుకొని ఆళ్లగడ్డ పోయాను. మా అమ్మ అంతా విని, "వాణ్ణేమీ అనాకుమే. మీ నాయన కూడా నాణేలంటే ఇట్లనే పిచ్చిపట్టినట్టు చూస్తుండె" అని అటక మీది సీసా దించి వాని ముందు పెట్టింది. చిన్నప్పటిలాగే చాప పరిచి పోశాము.

పై పొరల్లో ఉన్నవి నేను వాడినవే. అల్యూమినియం ఐదు పైసలు, పది పైసలు, ఇరవై పైసలు, పావలాలు. 2011 జూన్ 30 తర్వాత పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లవు కాబట్టి చిల్లరలో ఇక రావు. నాణెం పోయినా మాట పోలేదు. డ్వాక్రా సంఘాల్లో పావలా వడ్డీ అనే మాట ఎరగని ఆడవాళ్లు మన దగ్గర ఉండరు. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు.

సంవత్సరం కింద చిన్న గుర్తు చూడమని మావానికి చెప్పాను. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, వజ్రం ఆకారముంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. హైదరాబాద్ టంకశాల 1803లో నిజాం కాలంలో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. ఇది విన్నాక వాడు తలెత్తి నాణేలు చూడటం మొదలుపెట్టాడు. అంతవరకు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ కిందివి 1957 నాటి రాగి రంగు నయా పైసలు. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానులు. 1957 ఏప్రిల్ 1న రూపాయిని నూరు పైసలు చేశారు. పాత పైసతో కలిసిపోకుండా దీనికి నయా పైస అని పేరు పెట్టి, రూపాయికి నూరో వంతు అని హిందీలో నాణెం మీదే రాశారు. 1964లో నయా అన్న మాట తీసేశారు. కానీ అణాకు లెక్క ప్రకారం ఆరుంపావు పైసలు రావాలి, ఇచ్చేది ఆరు. ఆ పావు దగ్గర ఎన్ని అంగళ్లలో ఎన్ని జగడాలు జరిగాయో! మా తాత అంగట్లో కొత్త పైసల లెక్క గోడకు అంటించుకున్నాడని అమ్మ చెప్పింది.

ఇంకా లోపల 1943 తర్వాత వచ్చిన చిల్లు కానీలు ఉన్నాయి. యుద్ధకాలంలో లోహం కరువై నడిమధ్యన పెద్ద చిల్లు పెట్టి అచ్చువేశారు. మా జేజి వాటిని దారానికి గుచ్చి పెట్టుకునేదట. అన్నిటికన్నా పాతది 1835 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి పావు అణా. అది అచ్చయినప్పటికి కర్నూలు ఇంకా నవాబు ఏలుబడిలోనే ఉంది. కంపెనీ దాన్ని కలుపుకున్నది 1839లో. మనం రోజూ అనే డబ్బు కూడా ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరే. డిగ్రీలో చదివిన ఈ సంగతి చేతిలో రాగి నాణెం పెట్టుకొని చెబుతుంటే వేరేగా అనిపించింది.

"వెండి రూపాయి ఒక్కటీ లేదేందమ్మమ్మా?" అని మావాడు అడిగాడు. మంచి ప్రశ్న. 1939 దాకా రూపాయిలో పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. 1940లో దాన్ని సగానికి తగ్గించారు. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. ఏది మంచిదో జనానికి తెలుసు. మంచిది దాచుకొని, తక్కువదాన్ని అంగట్లో ఇస్తారు. అందుకే గల్లాలోకి వెండి రాలేదు. జేజి దాచిన నాలుగైదు వెండి రూపాయలు ఏమయ్యాయో అప్పుడే అమ్మ నోట విన్నాను. "మీ అమ్మ కాళ్లకు గొలుసులు చేపిస్తిమి కదరా, నడక నేర్చేటప్పుడు."

చివరగా ఒక పసుపుపచ్చటి అణా దొరికింది. సంవత్సరం 1944. అణాలు తెల్లగా ఉండేవి. యుద్ధమప్పుడు, 1942 నుంచి 1945 దాకా, ఇత్తడి రంగువి వేశారు. అంచు వంకీలు వంకీలుగా ఉంది. ఒకవైపు ఆరో జార్జి తల. రెండోవైపు తిప్పి మావాడు గట్టిగా చదివాడు: "ఒక అణా! అమ్మా, తెలుగు!"

అవును, అప్పటి అణా మీద హిందీ, ఉర్దూ, బెంగాలీతో పాటు తెలుగు కూడా ఉండేది. బేడ మీద కూడా. 1950లో సింహాల బొమ్మతో మన సొంత నాణేలు వచ్చినప్పుడు వాటి మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే మిగిలాయి. నోట్ల మీద తెలుగు ఇప్పటికీ ఉంది, నాణెం మీద లేదు.

మా జేజికి చదువు రాదు. ఊళ్లో పాలు, పెరుగు అమ్మేది. చీకట్లో కూడా చేత్తో తడిమి చెప్పేదట: వంకీల అంచయితే అణా, పెద్ద చదరమైతే బేడ, చిన్న చదరమైతే అర్ధణా. ఆ ఆకారాలే ఆమెకు అక్షరాలు. నాన్న బడికి పోయిన కొత్తలో ఒకరోజు ఈ అణా తీసుకొని కూడబలుక్కొని చదివి వినిపించాడట. తాను రోజూ చేతితో ముట్టుకునేదాని మీద తన మాటే రాసుందని జేజికి ఆ రోజే తెలిసింది. ఇక దాన్ని ఖర్చుపెట్టలేదు. కోడలికి చెప్పింది, కొడుకు సీసాలో వేసుకున్నాడు. నాన్న నాకెప్పుడూ చెప్పలేదు.

"ఇది ఎంతకు పోతుంది?" అని మావాడు అడగబోయి ఆగిపోయాడు. అయినా నేను చెప్పాను. ఇలాంటివి కోట్ల సంఖ్యలో అచ్చయ్యాయి, నాణేలు అమ్మేవాళ్ల దగ్గర కొన్ని పదుల రూపాయలకే దొరుకుతాయి. వాడు నవ్వాడు. పదిహేను రోజుల తర్వాత వాని నవ్వు చూశాను.

పోయిన డబ్బు తిరిగి రాలేదు. కోచింగ్ ఫీజు రెండు విడతలుగా కట్టాము. సీసా ఇప్పుడు నంద్యాలలో మా దేవుని గూటి పక్కన ఉంది. నెలాఖరు ఆదివారం దొంతరలు పేర్చేది ఇప్పుడు మావాడే. హైదరాబాద్ నక్షత్రాలవి విడిగా పెడతాడు. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ల పెట్టెల్లో, పోపుల డబ్బాల్లో పాత నాణేలు ఉంటే ధర అడిగేముందు, అవి ఎవరు దాచారో ఇంట్లో ఒకసారి అడగండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగాలి.