రింగు కొడుతున్నది ఎవరు?

ఫోన్ చేసినప్పుడు మన చెవిలో వినిపించే "ట్రింగ్ ట్రింగ్" అవతలివాళ్ళింట్లో మోగుతున్న ఫోన్ శబ్దమే అని చాలా కాలం అనుకున్నాను. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ వెలగబెట్టాక కూడా అదే అనుకున్నాను, చెప్పుకోడానికి సిగ్గేస్తుంది గానీ. ఉద్యోగంలో చేరి వాయిస్ ఓవర్ ఐపీ నెత్తిన పడ్డాక తెలిసింది... అది వేరే శబ్దమని, మధ్యలో ఎవరో తయారుచేసి మనకి వినిపిస్తారని. ఆ "ఎవరో" ఎవరన్న దాని మీద పాతికేళ్ళుగా కొట్లాట నడుస్తోందని కూడా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, దీనివల్ల నేనొక తప్పు చేశాను. ఒక క్లయింటు కోసం కాలింగ్ సిస్టమ్ పెట్టాం. నర్సులు కూర్చుని పల్లెల్లో ఉన్న పేషెంట్లకి ఫోన్ చేసి మందులు వేసుకుంటున్నారా, మళ్ళీ చెకప్‌కి ఎప్పుడొస్తారు అని అడగాలి. డయలరు నంబరు కొడుతుంది, అవతల ఎత్తగానే నర్సుకి కలుపుతుంది. టెస్టింగ్‌లో ఒక తలనెప్పి వచ్చింది. అవతలివాళ్ళు ఎత్తకముందే, కాలర్ ట్యూన్ మొదలవగానే "ఎత్తేశారు" అనుకుని కలిపేస్తోంది. గూగులిస్తే ఒక లైను దొరికింది: ఇగ్నోర్ ఎర్లీ మీడియా ఈక్వల్స్ ట్రూ. పెట్టేశాను. నర్సుకి ఊరికే నిశ్శబ్దం వినిపిస్తే బాగోదని మన సర్వరు నుంచే ఒక చక్కటి రింగ్ టోన్ కూడా తగిలించాను. అందరూ హేపీ.

రెండు వారాల తర్వాత ఒక నర్సు, ఎన్నిసార్లు చేసినా ఎత్తని ఒక పెద్దావిడకి తన సొంత సెల్‌ఫోన్ నుంచి చేసింది. "మీరు డయల్ చేసిన నంబరు ఉపయోగంలో లేదు" అని వచ్చింది. మా సిస్టమ్‌లో అదే నంబరుకి చేస్తే? హాయిగా ట్రింగ్ ట్రింగ్... లేని నంబరు మోగుతోంది! నర్సు నాలుగు రింగులు విని, పెట్టేసి, "రెస్పాండ్ అవ్వడం లేదు" అని రాసుకుంటోంది. అలా ఎంతమందిని నిర్లక్ష్యం చేసే పేషెంట్లుగా రాసేశామో!

సరే, ఇక కథలోకి వద్దాం.

మొదట్లో రింగు అవసరమే లేదు. ఎక్స్ఛేంజిలో ఆపరేటరమ్మ ఉండేది, "ఎవరూ ఎత్తట్లేదండీ" అని నోటితోనే చెప్పేది. అమెరికాలో శవపేటికల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రోజర్ 1891లో ఆటోమేటిక్ స్విచ్‌కి పేటెంటు తెచ్చుకున్నాడు, 1892లో ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్‌లో ఎక్స్ఛేంజి పెట్టారు. ఆపరేటరు తన వ్యాపారాన్ని పోటీవాడికి మళ్ళిస్తోందన్న అనుమానంతోనే ఇదంతా చేశాడని ఒక కథ. మనిషి పోయి మిషను వచ్చేసరికి జరుగుతున్నది చెప్పే నోరు లేకుండా పోయింది. ఆ లోటు తీర్చడానికే డయల్ టోనూ, ఎంగేజ్ టోనూ, రింగుబ్యాక్ టోనూ.

పాత నెట్‌వర్కులో ఒక మంచి నియమం ఉంది. రింగుబ్యాక్‌ని తయారుచేసేది అవతలివైపు ఎక్స్ఛేంజి. అది మనదాకా వినిపించిందంటే ఇక్కడి నుంచి అక్కడిదాకా దారి నిజంగా ఉన్నట్టే లెక్క. అమెరికాలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసే అమ్మానాన్నలకి ఇది తెలుసు, సిద్ధాంతం తెలియకపోయినా. మన రింగు 400 హెర్ట్జ్‌ది, 0.4 సెకను మోగి 0.2 ఆగి మళ్ళీ 0.4 మోగుతుంది, తర్వాత 2 సెకన్ల విరామం. అమెరికాది 440, 480 హెర్ట్జ్ కలిపినది, 2 సెకన్లు పొడుగ్గా మోగి 4 సెకన్లు ఊరుకుంటుంది. ఆ పొడుగు రింగు వినగానే "ఆఁ, అమెరికా తగిలింది" అనుకునేవారు మా పెద్దమ్మ.

ఇందులో డబ్బు గొడవ ఒకటుంది. ఎత్తకముందే ఎక్స్ఛేంజి నుంచి మనవైపు శబ్దం వస్తోంది కదా, దానికి బిల్లు లేదు. బిల్లు మొదలయ్యేది అవతల ఎత్తారన్న సిగ్నల్ వచ్చాకే. మన మిస్డ్ కాల్ సంస్కృతి మొత్తం ఈ సందులోనే పుట్టింది. "బస్సు దిగాక ఒక రింగివ్వు" అంటే ఖర్చు లేకుండా ఒక సమాచారం పంపమని. అమెరికా వాళ్ళు ఇంకాస్త ముదుర్లు. బ్లూ బాక్స్ గురించి అందరికీ తెలుసు గానీ బ్లాక్ బాక్స్ అని ఇంకోటి ఉండేది. ఎత్తేవాడు తన ఫోనుకి తగిలించుకునే చిన్న సర్క్యూట్. కరెంటుని తగ్గించి, ఫోన్ ఎత్తలేదని ఎక్స్ఛేంజిని నమ్మిస్తుంది, మాటలు మాత్రం వెళ్తుంటాయి. ఇంకా మోగుతోంది కాబోలు అని ఎక్స్ఛేంజి అనుకుంటుంది, వీళ్ళు పైసా కట్టకుండా కబుర్లు! దీనికి విరుగుడు ఏంటంటే ఎత్తేదాకా వెనక్కి వచ్చే దారి మాత్రమే తెరవడం, ముందుకెళ్ళే దారి మూసి ఉంచడం. అలా మూసి ఉన్నచోట, ఎత్తకుండానే మాట్లాడే ఐవీఆర్ తగిలితే "ఒకటి నొక్కండి" అన్నా మనం నొక్కింది అటు చేరదు.

ఇప్పుడు ఇంటర్నెట్ వాళ్ళు వచ్చారు. 1999 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 2543గా సిప్ బయటికొచ్చింది. హాండ్లీ, షుల్జ్‌రిన్, స్కూలర్, రోజెన్‌బర్గ్ రాసినది. వీళ్ళ లెక్కలో ఫోనుకి బుర్ర ఉంటుంది. అవతలి ఫోను "180 రింగింగ్" అని ఒక టెక్స్ట్ మెసేజి పంపిస్తుంది, ఇవతలి ఫోను తన ఇష్టమొచ్చిన టోను తనే వాయించుకుంటుంది. నెట్‌వర్కు మీద శబ్దమే అక్కర్లేదు. ఎంత శుభ్రంగా ఉంది!

కానీ పాత టెలిఫోన్ నెట్‌వర్కుతో కలపగానే కొంప మునిగింది. అక్కడినుంచి "ఈ రూట్లోని లైన్లన్నీ..." అనే అనౌన్స్‌మెంటు వస్తుంది. అది ఎత్తిన కాలూ కాదు, రింగూ కాదు. దానికోసం 183 సెషన్ ప్రోగ్రెస్ అనేదాన్ని కనిపెట్టారు. 2543లో అది లేదు, తర్వాత డ్రాఫ్టుల్లో తిరిగి 2002 జూన్‌లో ఆర్ఎఫ్‌సీ 3261లోకి ఎక్కింది. అందులో ఎస్‌డీపీ పెట్టి పంపితే, ఎత్తకముందే ఆడియో వస్తుంది. ఇదే ఎర్లీ మీడియా.

అక్కడినుంచి మొదలయ్యాయి చిక్కులు. ఒకే కాల్ నాలుగు ఫోన్లకి చీలిపోతే నాలుగూ నాలుగు ట్యూన్లు పంపిస్తాయి, ఏది వినిపించాలి? 183 వచ్చాక 180 వస్తే మనం టోను వాయించాలా, వస్తున్నది వినాలా? అవతలివాడు ఎత్తి "హలో" అన్న ప్యాకెట్లు 200 ఓకే కంటే ముందే వచ్చేస్తే? అందుకే వాటిని పారేస్తే "హలో"లో "లో" మాత్రమే మిగులుతుంది :)

2004 డిసెంబరులో కామరియో, షుల్జ్‌రిన్ కలిసి ఆర్ఎఫ్‌సీ 3960 రాశారు. ఈ గొడవంతా చదవాలనుకునేవాళ్ళకి అదొక్కటి చాలు. వాళ్ళు చెప్పింది సింపుల్. 180 రాకపోతే నువ్వు రింగు కొట్టకు. 180 వచ్చి ఆడియో ప్యాకెట్లేవీ రాకపోతే నువ్వే కొట్టు. 180 వచ్చింది, ప్యాకెట్లూ వస్తున్నాయంటే వాటినే వినిపించు, నీది ఆపు. అంటే సిగ్నలింగ్ ఏం చెప్పినా వచ్చిన ప్యాకెట్లని నమ్మమని. నాకు తెలిసి ఈ చరిత్రలో అందరికంటే తెలివైన మాట ఇదే. కానీ ఆ ఆర్ఎఫ్‌సీ సమాచారం కోసం మాత్రమే, స్టాండర్డు కాదు. కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్ళు చేశారు, మిగతాది కాన్ఫిగరేషన్ ఫైళ్ళలోకి తోశారు. ఆస్టరిస్క్ పాత సిప్ డ్రైవర్లో ప్రిమెచ్యూర్ మీడియా అని ఒక సెట్టింగు ఉండేది. కొన్ని ఐఎస్‌డీఎన్ లింకులు కాల్ మోగకముందే ఖాళీ ఆడియో పంపిస్తాయి, అది చూసి 183 పంపితే యూజరుకి రింగు కాదుకదా ఏమీ వినిపించదు, అందుకని ఇది. అంటే చేదు అనుభవం అయ్యాక రాసిన లైనన్నమాట. (ఆ డ్రైవర్ని 2023లో ఆస్టరిస్క్ 21 నుంచి తీసేశారు.) ఇంకో తమాషా, టోన్ల ఫైల్లో దేశం మార్చడం మర్చిపోతే మన తెనాలి కాల్‌కి కూడా అమెరికా పొడుగు రింగే.

బ్లాక్ బాక్స్ దెయ్యం మళ్ళీ లేచింది. ఎత్తకుండానే రెండువైపులా ఆడియో నడపగలిగితే ఎప్పటికీ 200 ఓకే పంపకుండా మాట్లాడుకోవచ్చు కదా? అందుకని 2007లో ఆర్ఎఫ్‌సీ 5009 వచ్చింది, పీ-ఎర్లీ-మీడియా అని ఒక హెడరు. ఎర్లీ మీడియాని అనుమతించాలా, ఎటువైపు అనుమతించాలా అన్నది ఆపరేటర్ల నెట్‌వర్కులు దీంతో తేల్చుకుంటాయి. 1990ల ఇంటర్నెట్ వాళ్ళు బుర్ర ఫోనులో ఉండాలన్నారు, పదేళ్ళు తిరక్కుండా తాళం మళ్ళీ ఆపరేటరు చేతికి.

ఇదేదో ఎక్కడో జరిగిన కథ కాదు. కొరియాలో 2002లో కాలర్ ట్యూన్ అమ్మడం మొదలుపెట్టారు, 2004కల్లా మనదగ్గర హలో ట్యూన్స్ వచ్చేశాయి. రింగు స్థానంలో సినిమా పాట, నెలనెలా డబ్బులు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక వోల్టీ, అంటే చేతిలో ఉన్న మామూలు సెల్‌ఫోనే సిప్ మాట్లాడటం మొదలెట్టింది. 2020 మార్చిలో ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒక దగ్గు వినిపించేది, గుర్తుందా? ఆ కరోనా హెచ్చరిక కూడా ఎర్లీ మీడియానే. అర్జెంటుగా ఫోన్ చేస్తుంటే ఇదేంటని జనం విసుక్కున్నారు గానీ, బిల్లు పడకుండా దేశం మొత్తానికి ఒక మాట చెప్పాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఇక మా సంగతి. డయలరు తనంతట తను చేసే కాల్స్‌కి ఆ ఇగ్నోర్ లైను ఉంచాం, ఎందుకంటే అక్కడ వినే మనిషి లేడు. ఎత్తలేదని వచ్చిన ప్రతి నంబరునీ నర్సు చేత్తో మళ్ళీ చేసేలా మార్చి, ఆ కాల్స్‌లో అవతలి నుంచి వచ్చేది యథాతథంగా వదిలాం. 180 వచ్చి ప్యాకెట్లు రాకపోతేనే మన టోను, అది కూడా ఇండియా టోను. పాత లిస్టులో "రెస్పాండ్ అవ్వడం లేదు" అని ఉన్నవన్నీ తీసి మళ్ళీ చేయించాం. చాలా నంబర్లు ఉపయోగంలో లేవు, కొన్ని స్విచ్ఛాఫ్. వాటిని క్లయింటువాళ్ళు ఊళ్ళవారీగా విడదీసి ఆశా వర్కర్లకి ఇచ్చారు. ఆ పెద్దావిడ కూతురి ఊరికి వెళ్ళిపోయిందట, కొత్త నంబరు దొరికింది.

కొత్త సెట్టింగు పెట్టిన మర్నాడు, మొదట కనిపెట్టిన ఆ నర్సే ఫోన్ చేసింది.

"సార్, ఇప్పుడు పొద్దుట్నుంచీ వీళ్ళ కాలర్ ట్యూన్లన్నీ వినాల్సొస్తోంది సార్."

"తప్పదు సిస్టర్" అన్నాను.