‘నాది’, ‘నాదే’

మార్కాపురం పలకల ఊరు. బడిలో ఇద్దరు పిల్లలు ఒకే పలక పట్టుకొని లాగుతున్నప్పుడు ఎవడూ ‘నాది’ అనడు, ‘నాదే’ అంటాడు. పోటీ లేనిచోట ‘నాది’ చాలు. అవధారణార్థకమని మనం చదువుకొన్న ఆ ఏకారం తగాదా ఉన్నచోట పుడుతుంది. విద్యార్థులు సూత్రం వల్లించి దాన్ని వదిలేస్తున్నారు గాని, దాని వెనక చాలా చరిత్ర ఉంది.

రాజులు ఊళ్లు దానం చేసినప్పుడు నిధి, నిక్షేపం, జలం, పాషాణం అంటూ అష్టభోగాలు పేర్చి ‘ఆచంద్రార్కం’ అని ముడివేసేవారు. ‘పుత్రపౌత్ర పారంపర్యంగా, సర్వహక్కులతో’ అని క్రయ దస్తావేజులు రాసేదీ ఆ వరసే. ఇన్ని మాటలు ధీమాకు గుర్తంటారు. నాకు మాత్రం రేపెవడో వచ్చి కాదంటాడన్న భయమే కనిపిస్తుంది.

ఆ భయం ఊరికే రాలేదు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారాదత్తం చేశాడు. ‘దత్త మండలాలు’ అన్న పేరులో ఇచ్చినవాడున్నాడు, పుచ్చుకొన్నవాడున్నాడు, దున్నేవాడు లేడు. మన్రో తెచ్చిన రైత్వారీ పద్ధతిలో పట్టా రైతు పేరున వచ్చింది, కాని శిస్తు కట్టినన్నాళ్లే అది అతనిది. 1928లో నంద్యాల సభలో ‘దత్త’ను తోసేసి ‘రాయలసీమ’ అన్న పేరు పెట్టుకొన్నారు. 1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి విడదీసి కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అంతకుముందు ‘మాది రాయలసీమ’ అంటే సరిపోయేది. ఆ తర్వాత ‘మాదీ రాయలసీమే’ అని నొక్కి చెప్పుకోవలసి వచ్చింది.

ఏకారం చోటు మారితే హక్కే మారిపోతుంది. ‘పొలం నాదే’ అంటే ఇంకెవరికీ వాటా లేదని. ‘పొలమే నాది’ అంటే, పొలం తప్ప మరేదీ నాది కాదని. బావి పక్కవాడిది కావచ్చు, అమ్ముకొనే హక్కు సర్కారు చేతిలో ఉండవచ్చు. భూమి కథలు రాసే మనవాళ్లు ఈ రెంటినీ ఒకటిగా వాడేస్తున్నారు. డి.కె. పట్టా పుచ్చుకొన్న కూలీ ‘పొలం నాదే’ అని పొంగిపోతాడు. భూమిలేని పేదలకిచ్చిన భూమి చేతులు మారరాదని 1977 చట్టం అన్నది. పెద్దలు కాజేయకుండా పెట్టిన కాపలాయే అది, కాదనను. కాని బిడ్డ పెళ్లికో, జబ్బుకో అమ్ముకోబోయిననాడు అతనికి మిగిలింది ‘పొలమే నాది’. 20 ఏళ్లు నిండిన పట్టాలకు పూర్తి హక్కు ఇస్తామన్న సవరణ 2023లో గాని రాలేదు.