అజినొమోటో మీద పడిన నింద

కొన్నేళ్ల క్రితం కాలిఫోర్నియాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, శాంటా మోనికా సముద్రతీరాన ఒక ఖరీదైన రెస్టారెంటుకు తీసుకువెళ్లారు. జపాన్, చైనా రుచులను పాశ్చాత్య వంటతో మేళవించే ‘ఏషియన్ ఫ్యూజన్’ భోజనశాల అది. కూర్చోగానే నేను అడిగిన మొదటి ప్రశ్న: “ఇందులో అజినొమోటో వేస్తారా?” లేదన్నారు. నిశ్చింతగా ప్రతి ముక్కనూ సోయా సాస్‌లో ముంచుకొని తిన్నాను. ఆ రాత్రి దాహంతో రెండుసార్లు లేచాను. జేబులో రక్తపోటు మాత్రలు పెట్టుకొని తిరిగే వైద్యుడు అడగవలసిన ప్రశ్న అదేనా? ఈ పొరపాటు వెనుక ఒక చరిత్ర ఉన్నది. చిత్తగించండి.

1908లో టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కికునాయె ఇకెడా, ‘కొంబు’ అనే సముద్రపు నాచుతో కాచిన రసానికి ఆ కమ్మదనం ఎక్కడిదని పరిశోధించి, గ్లూటమేటును వేరుచేశారు. ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టారు. మరుసటి ఏడే అది ‘అజినొమోటో’ పేరుతో అంగళ్లకు చేరింది. ఇదే గ్లూటమేటు పండిన టమాటాలోనూ, తల్లిపాలలోనూ సహజంగా ఉన్నది.

1968లో, చైనా నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన రాబర్ట్ హో మన్ క్వాక్ అనే వైద్యుడు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’కు ఒక లేఖ వ్రాశారు. చైనీస్ హోటల్లో తిన్న తరువాత తనకు మెడ వెనుక తిమ్మిరి, నీరసం, గుండెదడ కలుగుతున్నాయని తెలిపారు. సోయా సాస్, వంటలో పోసే మద్యం, అజినొమోటో, అధిక ఉప్పు అంటూ పలు అనుమానాలు చెప్పారే గాని, దేనినీ దోషిగా తేల్చలేదు. పత్రిక ఆ లేఖకు ‘చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్’ అని శీర్షిక పెట్టింది. లేఖలోని అనుమానం లోకంలో తీర్పయింది.

1969లో జాన్ ఓల్నీ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు చర్మం క్రింద అధిక మోతాదులో గ్లూటమేటు ఎక్కించి, మెదడు కణాలు దెబ్బతినడం చూపారు. కూరలో చిటికెడు వేరు, సూదిమందు వేరు. భయం ముందు ఆ తేడా నిలువలేదు. చిన్న చిన్న చైనీస్ హోటళ్లు ‘మా వంటలో అజినొమోటో లేదు’ అని బోర్డులు కట్టుకోవలసి వచ్చింది. 1983లో అదే శాంటా మోనికాలో, ఆస్ట్రియాలో జన్మించిన వోల్ఫ్‌గాంగ్ పక్ ‘షిన్వా ఆన్ మెయిన్’ తెరచి, చైనా రుచులను ఫ్రెంచి పద్ధతితో కలిపి కీర్తి గడించారు. ఒకే రుచికి ఒక వీధిలో నింద, మరొక వీధిలో నీరాజనం!

1995లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ కోరగా నిపుణులు విషయాన్ని సమీక్షించారు. ఆహారం లేకుండా ఒక్కసారిగా 3 గ్రాములు, అంతకు మించి తీసుకుంటే కొద్దిమందిలో తలనొప్పి, తిమ్మిరి వంటివి తాత్కాలికంగా రావచ్చునన్నారు. సాధారణంగా ఒక వంతు వంటకంలో ఉండేది అర గ్రాము లోపే.

ఇక నా నేరం చెప్పుకుంటాను. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన కాలంలో రక్తపోటు రోగులకు “అజినొమోటో జోలికి పోకండి” అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వారిలో అనేకులు దానిని కంటితో చూసి ఎరుగరు. పూటపూటా కంచంలో పడే ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయల సంగతి మాత్రం గట్టిగా అడగలేదు. తూకానికి తూకం చూస్తే ఉప్పులో సోడియం సుమారు 39 శాతం, అజినొమోటోలో 12 శాతం. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ విధించిన హద్దు 2000 మిల్లీగ్రాములు, అనగా 5 గ్రాముల ఉప్పు.

కనుక అటువంటి భోజనశాలకు వెళ్లినప్పుడు సాస్‌ను వేరే గిన్నెలో ఇమ్మనండి, ముంచకండి, అద్దుకోండి. అజినొమోటో తిన్న ప్రతిసారీ మీకు బాధ కలిగితే మానివేయండి, తప్పులేదు. కాని పరాయి వంటింటి మీద నింద మోపే ముందు, మన ఇంటి జాడీ మూత ఒకసారి తీసి చూసుకుందాం.