వతరాసే నీళ్లు, నక్కవాగు నీళ్లు

ముంబై హైవే మీద కంది దాటేవాళ్లకు కనిపించే ఐఐటీ భవనాల వెనక జపాన్ అప్పు ఉందన్న సంగతి మన జిల్లాలో చాలామందికి తెలుసు. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో సర్దుకుని మొదలైన ఆ సంస్థ 2015లో కందికి చేరింది. పాత ఐఐటీల్లో బొంబాయికి సోవియట్ యూనియన్, మద్రాసుకు పశ్చిమ జర్మనీ, కాన్పూరుకు అమెరికా, ఢిల్లీకి బ్రిటన్ తోడైనట్టే హైదరాబాదుకు జపాన్ తోడైంది. అప్పు ఇచ్చింది, టోక్యో యూనివర్సిటీ వాస్తుశిల్పులను పంపింది, పైచదువులకు జపాన్ వచ్చే పిల్లలకు స్కాలర్‌షిప్పులు పెట్టింది. జపాన్‌లో స్థిరపడ్డ మావంటివాళ్లం ఇంటికి రాసేటప్పుడు బుల్లెట్ రైలు గురించి, వీధుల శుభ్రత గురించి రాస్తుంటాం. అవి చూసిపోయేవాళ్లకూ కనబడతాయి. ఇక్కడి విశ్వవిద్యాలయాలకూ వాటి పొరుగున పారే నీళ్లకూ మధ్య నూటముప్పై ఏళ్లుగా నడుస్తున్న పేచీ అంత సులువుగా కనబడదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల వాళ్లకు చెప్పదగిన జపాన్ చరిత్ర అదేనని నా అభిప్రాయం.

ఈ దేశంలో ఆధునిక ఉన్నత విద్య పుట్టింది సర్కారు అవసరం కోసం. 1873లో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టినప్పుడు దాన్ని నడపడానికి హెన్రీ డయ్యర్ అనే పాతికేళ్ల స్కాట్లండ్ యువకుణ్ణి పిలిపించారు. రైళ్లు, తంతి, గనులు, ఓడలు తెల్లవాళ్ల సాయం లేకుండా నడపగలిగే మనుషులు త్వరగా కావాలి, అంతే. అక్కడ పాఠం చెప్పడానికొచ్చిన జాన్ మిల్న్ 1880లో యొకొహామా కంపించాక భూకంపాల అధ్యయనానికి ఓ సంఘమే పెట్టించాడు. కాళ్లకింది నేల శాస్త్రానికి పనికొస్తుందని తెలిసిన తొలి సందర్భాల్లో అదొకటి. 1886లో ఆ కాలేజీని టోక్యో విశ్వవిద్యాలయంతో కలిపి ఇంపీరియల్ యూనివర్సిటీ చేశారు. దాని చట్టంలో మొదటి నిబంధనే రాజ్యానికి అవసరమైన విద్యలు బోధించాలని, వాటిలో పరిశోధన జరపాలని చెప్పింది. రాజ్యానికి అన్నారు గాని ప్రజలకు అనలేదు. మనం కూడా ‘సర్కారీ కాలేజీ’ అంటాం గాని ‘మన కాలేజీ’ అనం కదా.

ఆ చట్టం వచ్చిన అయిదేళ్లకే దానికి పరీక్ష ఎదురైంది. టోక్యోకు ఉత్తరాన అషియోలో ఫురుకావా కుటుంబానిది రాగి గని. అక్కడి వ్యర్థాలు వతరాసే నదిలో పడి, చేపలు చచ్చి, 1890 వరదలో ఆ నీళ్లు పొలాలెక్కి వరి మాడిపోయింది. రైతులు మట్టినీ నీటినీ పరీక్షించమని ఇంపీరియల్ యూనివర్సిటీ వ్యవసాయ కళాశాలను ఆశ్రయించారు. అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్న కొజాయ్ యొషినావొ పరీక్షించి, పంటను చంపింది రాగేనని తేల్చాడు. 1891 చివర తనాకా షోజో పార్లమెంటులో ఈ విషయం లేవనెత్తేసరికి రైతుల గోడుకు తోడుగా కొజాయ్ లెక్కలున్నాయి. గని ఆగలేదు, అది మూతపడింది 1973లో. కానీ కొజాయ్ ఉద్యోగమూ పోలేదు. 1920లో అదే విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. ఈ కథకో వంకర కొసరు కూడా ఉంది. అషియో మీద విమర్శలు ముదిరాక, 1906లో ఫురుకావా వాళ్లు భారీ విరాళమిచ్చారు. తొహొకు, క్యూషు ఇంపీరియల్ యూనివర్సిటీల భవనాలు ఆ సొమ్ముతోనే లేచాయి. సప్పొరోలో ఫురుకావా పేరున్న హాలు ఇప్పటికీ ఉంది. నదిని పాడుచేసిన సొమ్ము, నదిని పరీక్షించిన శాస్త్రం రెండూ ఒకే విద్యావ్యవస్థలోకి వచ్చి చేరాయి.

మినమాతాలో అదే పేచీ ఇంకా కటువుగా నడిచింది. క్యూషు దీవిలోని ఆ మత్స్యకారుల ఊళ్లో చిస్సో రసాయన కర్మాగారం ఉండేది. కాళ్లూ చేతులూ వంకరపోయి, మాట పడిపోతున్న రోగుల సంగతి 1956 మే 1న అధికారికంగా నమోదైంది. ఆ యేడే కుమమోటో విశ్వవిద్యాలయ వైద్యులు పని మొదలుపెట్టారు. చేపల ద్వారా వచ్చే ఏదో లోహమని మొదట, సేంద్రియ పాదరసమని 1959 జూలైలో ప్రకటించారు. వెంటనే టోక్యో నుంచి పెద్ద ప్రొఫెసర్లు వేరే సిద్ధాంతాలు పట్టుకొచ్చారు. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన కియౌరా అయితే అమీన్లే కారణమన్నాడు. రాజధాని మాటకుండే బరువు వల్ల కుమమోటో మాట వెనకబడింది. చిస్సో పాదరసం వాడే ఉత్పత్తిని 1968లో ఆపింది, ఆ సెప్టెంబరులోనే ప్రభుత్వం కారణం ఒప్పుకుంది. మధ్యలో తొమ్మిదేళ్లు పోయాయి. ఇక్కడ నేను గమనించేదల్లా ఒకటే. రెండూ సర్కారు విద్యాసంస్థలే, రెండుచోట్లా చదువుకున్నవాళ్లే. రోగుల ఇళ్లకు పోగలిగినంత దగ్గర్లో ఉన్నవాళ్లకు నిజం చిక్కింది, దూరాన ఉన్నవాళ్లకు సిద్ధాంతాలు చిక్కాయి.

ఇప్పుడు నక్కవాగు సంగతి. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు పోవడం, డాక్టర్ కిషన్‌రావు వంటివాళ్లు, రైతులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం మీకు నేను చెప్పనక్కర్లేదు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అందులో శుద్ధయ్యాక బయటికొచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రపంచానికి తెలిసింది. ఆ మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. రెండేళ్ల తర్వాత చుట్టుపక్కల ఆరు ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లున్నాయని మరో పరిశోధనాపత్రం చెప్పింది. ఈ పరిశోధనలు నడిపించింది స్వీడన్ శాస్త్రవేత్తలు. ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ వాళ్లూ అక్కడి భూగర్భజలాలను శోధించారు, కాదనను. కానీ ప్రయోగశాల వేరు, విశ్వవిద్యాలయం వేరు. ప్రయోగశాల నివేదిక ఇస్తుంది. విశ్వవిద్యాలయమైతే ఏటేటా కొత్త పిల్లలకు ఆ వాగును పాఠంగా చెబుతుంది, వాళ్లు మళ్లీ మళ్లీ పోయి కొలుస్తారు.

నీళ్లు కొలవడం కాలుష్య నియంత్రణ మండలి పని, ఐఐటీది ప్రపంచస్థాయి పరిశోధన అనేవాళ్లుంటారు. కుమమోటో వైద్యులు చేసింది జిల్లా స్థాయి పనిలాగే కనబడింది. 2013లో పాదరసంపై దేశాలు కుదుర్చుకున్న ఒప్పందానికి మాత్రం మినమాతా పేరే పెట్టారు. మందులకు లొంగని సూక్ష్మక్రిముల మీద ఎవరు రాసినా ఇవాళ పటాన్‌చెరు ప్రస్తావన వస్తుంది. మన వాగు ప్రపంచస్థాయికి ఎప్పుడో పోయింది. మరో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. పరిశోధన నిధులు, పిల్లల ఉద్యోగాలు కంపెనీల చేతుల్లో ఉండగా వాటి మురుగును ఎవరు కొలుస్తారు? ఫురుకావా విరాళం చూశాక ఈ భయం ఉత్తదని నేననలేను. కొజాయ్ జీతం సర్కారుది, కుమమోటో వైద్యుల జీతమూ సర్కారుదే. అందుకే కందిలో ఒక్కో ప్రొఫెసర్ పదవికి ఎవరి డబ్బు వస్తోందో జిల్లావాళ్లు అడిగి తెలుసుకోవాలి. పోనీ నిజం చెబితే మాత్రం ఏం జరిగింది, తొమ్మిదేళ్లు పట్టింది కదా అంటారా? కుమమోటో మాట ముందే నమోదై ఉండబట్టే 1973 మార్చిలో కోర్టు చిస్సోదే బాధ్యతని తేల్చినప్పుడు రోగుల చేతిలో ఆధారముంది.

జపాన్ విశ్వవిద్యాలయాలను దేవాలయాలుగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఉయి జున్ అనే ఆయన ముందు పాదరసం వాడే రసాయన కంపెనీలో పనిచేసి, తర్వాత టోక్యో విశ్వవిద్యాలయం నగర ఇంజనీరింగ్ విభాగంలో సహాయకుడిగా చేరాడు. మినమాతా గురించి నోరు మూసుకోనందుకో ఏమో, 21 ఏళ్లు అదే మెట్టు మీద ఉండిపోయాడు. ఆ మెట్టు మీద నుంచే 1970లో సాయంత్రం తరగతులు మొదలుపెట్టాడు. పాఠం కాలుష్యం. మార్కులు లేవు, డిగ్రీ లేదు, ఎవరైనా రావచ్చు. 1985 దాకా నడిపాడు. కంది గేటు నుంచి నక్కవాగు ముప్పై కిలోమీటర్ల లోపే ఉంటుంది, సాయంత్రం తరగతికి పటాన్‌చెరు నుంచి బస్సులో వచ్చిపోవచ్చు.