సూలూరు చెరువు – తాత గాలం



మన చెరువుకు నీళ్ళిచ్చే నొయ్యల్ వెళ్ళియంగిరి కొండల్లో పుట్టి కావేరిలో కలుస్తుంది. ఆ చెరువు గట్టు మీదే తాత నాకు గాలం నేర్పాడు: "వానపామును గుచ్చు. బెండు మునిగేదాకా చెయ్యి కదపకు."

నాకెప్పుడూ పడేది జిలేబి చేపే. అది మన చేపే అనుకునేవాణ్ణి. కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చారు. తాత చిన్ననాటి చేప కొరమీను.

కావేరి కథ ఇంకా పెద్దది. 1873లో మద్రాసు సివిల్ సర్వీసు దొర హెచ్.ఎస్. థామస్ మహసీరు వేటను పొగుడుతూ పుస్తకమే రాశాడు. 1946లో కావేరి ఉపనది కబినిలో 120 పౌండ్ల మహసీరు గాలానికి పడింది. ఆ మూపురం మహసీరే 2018లో అంతరించిపోయే అంచున ఉన్న జాతుల జాబితాకెక్కింది.

ఒక వానాకాలం నేనూ తప్పు చేశాను. ఎర్రటి పిల్లల గుంపుకు కాపలా ఉన్న కొరమీనును పట్టేశాను. పిల్లలు చెదిరిపోయాయి. తాత ఆ రోజు కూర ముట్టలేదు.

మీ పిల్లలకు గాలం నేర్పండి. పిల్లల కోడిలాంటి ఆ చేపను వదిలేయడం ముందు నేర్పండి.