హీట్ పంప్‌తో చలికాలపు వెచ్చదనం

మే నెలలో హైదరాబాద్‌లో స్ప్లిట్ ఏసీ బయటి యూనిట్ ముందు నిలబడితే వేడిగాలి ముఖాన కొడుతుంది. అందులో గదిలోంచి తోడి బయట పోసిన వేడి ఉంటుంది. అదే యంత్రాన్ని తిరగేసి, బయటి వేడిని ఇంట్లోకి తెచ్చేలా చేస్తే హీట్ పంప్. మంచు కురిసే రోజు గాలిలోనూ కొంత వేడి ఉంటుంది. యంత్రపు గొట్టాల్లో తిరిగే, ఆ గాలికంటే చల్లగా ఉండే రిఫ్రిజిరెంట్ అనే ద్రవం దాన్ని పీల్చుకుని ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి వేడెక్కిస్తుంది, ఆ వేడి ఇంట్లోకి చేరుతుంది. కరెంటు వేడిని పుట్టించడానికి కాక మోసుకురావడానికి ఖర్చవుతుంది కాబట్టి, ఓ మోస్తరు చలిలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి దక్కుతుంది.

ఈ ఊహను 1852లో వివరించినది విలియం థామ్సన్, అంటే తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్. 1850ల్లోనే ఆస్ట్రియా ఇంజనీరు పీటర్ ఫాన్ రిట్టింగర్ ఎబెన్‌జే ఉప్పు కర్మాగారంలో ఉప్పునీటిని ఇగరబెట్టడానికి ఇలాంటి యంత్రాన్ని నిర్మించారు. ఇంటి దాకా రావడానికి మరో డెబ్భై ఏళ్లు పట్టింది: 1920ల్లో హాల్డేన్ అనే ఇంజనీరు స్కాట్లాండ్‌లోని తన ఇంటికి ఒకటి అమర్చుకున్నారు.

జ్యూరిక్ టౌన్‌హాల్ కథ మరింత చెప్పుకోదగ్గది. స్విట్జర్లాండ్‌కు బొగ్గు బయటి నుంచి రావాలి. జలవిద్యుత్తు మాత్రం సొంతం. 1938లో ఆ పాత భవనం కిందుగా పారే లిమ్మాట్ నది నీటిలోంచి వేడిని తోడడం మొదలుపెట్టారు. ఆ యంత్రం 2001 దాకా పనిచేసింది.

నదీజలం చలికాలంలోనూ గాలంత చల్లబడదు. అన్ని ఇళ్ల పక్కనా నది ఉండదు కనుక గాలినే నమ్ముకోవాల్సి వచ్చింది, చిక్కంతా అక్కడే. చలి ముదిరేకొద్దీ ఇంటికి వేడి ఎక్కువ కావాలి. పంపు ఇచ్చేది మాత్రం తగ్గిపోతుంది. బయటి కాయిల్‌పై మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి యంత్రం కొన్ని నిమిషాలు ఏసీలా తిరగబడి నడుస్తుంది. అప్పుడు లేచే ఆవిరిని చూసి పొగ అనుకుని భయపడేవాళ్లున్నారు. 1960ల్లో అమెరికాలో కంప్రెసర్లు తరచూ పాడై హీట్ పంప్ పేరు చెడింది. 1973 చమురు సంక్షోభం మళ్లీ దానివైపు చూపు తిప్పింది.

మలుపు తిప్పింది ఇన్వర్టర్. 1980-81లో జపాన్‌లో తోషిబా దాన్ని ఏసీల్లోకి తెచ్చింది. కంప్రెసర్‌ను ఆగుతూ మొదలవుతూ కాక, అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటూ నడిపించే పరికరం అది. తర్వాత వచ్చిన శీతల ప్రాంతపు నమూనాలు సున్నాకు 20 డిగ్రీలు దిగువన కూడా పనిచేస్తాయి.

యంత్రం మెరుగైనా వాడకం తెలియాలి. గ్యాస్ ఫర్నేస్ గాలి సుమారు 50 డిగ్రీలు, ఆపైన కూడా ఉంటే, హీట్ పంప్ గాలి 32 నుంచి 38 మధ్య ఉంటుంది. చేతికి గోరువెచ్చగానే తగులుతుంది కానీ గది నెమ్మదిగా వెచ్చబడుతుంది. నార్త్ కరోలినా వంటి చోట్ల కొత్తగా ఇల్లు కొన్న తెలుగువారికీ ఈ తేడా ఎదురవుతుంది. రాత్రి థర్మోస్టాట్ బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా పెంచితే, చాలా అమెరికన్ ఇళ్లలో సహాయక హీటర్ తీగలు వెలుగుతాయి. అవి యూనిట్‌కు యూనిట్ మాత్రమే ఇస్తాయి, బిల్లు పేలిపోతుంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచడం, ఫిల్టరు కడగడం, బయటి యూనిట్ చుట్టూ మంచు తీసేయడం, అటకపై ఇన్సులేషన్ పరచడం, తలుపుల సందులు మూయడం: కొత్త పంపు కొనడానికి ముందే చేయదగినవి ఇవి.

చలిలో ఇవి పనికిరావన్న మాటను చలి దేశాలే పక్కనపెట్టాయి. నార్వేలో సగానికి పైగా ఇళ్లలో హీట్ పంపులున్నాయి. చమురుతో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి అలవాటుపడిన అమెరికా రాష్ట్రం మెయిన్, 2025కల్లా లక్ష హీట్ పంపులు పెట్టాలని 2019లో లక్ష్యం పెట్టుకుని, 2023లోనే దాన్ని దాటింది.